మేకు దిగని గోడ

కిటికీ పక్క సీటు అలివేలమ్మక్కకు ఇచ్చి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు పలమనేరు స్టాండు దాటి పది నిమిషాలు కాలేదు, ఫైలు అప్పుడే బరువెక్కింది. లోపల ఉన్నవి పన్నెండు ఫోటోలే. పదకొండు చూపించడానికి తీసినవి. పన్నెండోది ఎవరికీ చూపించనని ఒట్టేసినది, దాన్ని అడుగున, అట్టకు ఆనించి, బోర్లా పెట్టాను, ఎందుకు పెట్టానో నాకు తెలుసు, నా భుజానికి భుజం ఆనించి కూర్చున్న ఈ మనిషికి తెలియదు. పదిన్నరకు చిత్తూరులో విచారణ. ఇటుకల బట్టీ పక్కన ఉన్న పదకొండు ఇళ్ళు మనుషులు ఉండటానికి పనికొస్తాయా, పనికిరావా అన్నది అక్కడ ఏదో ఒక గదిలో, ఏదో ఒక బల్ల ముందు తేలిపోతుంది. పనికొస్తాయంటే అలివేలమ్మక్కకు పక్కా ఇల్లు రాదు, మిగతా పది కుటుంబాలకూ రాదు, ఇంకో పథకం వచ్చేదాకా అందరూ ఆ గుంతలోనే. పనికిరావని నిరూపించేది అడుగున ఉన్న ఆ ఒక్క ఫోటోయేనని నా నమ్మకం. కండక్టరు వచ్చి ఇద్దరి ఆధార్ కార్డులూ చూశాడు, నా కార్డు దగ్గర ఆగి, "హుమేరా... కాశిం స్టూడియో సాయిబు కూతురివి గదామ్మా? మా పెండ్లి ఫోటో మీ నాయనే తీసినాడు" అన్నాడు. నవ్వాను. పలమనేరులో నలభై దాటిన ప్రతి మనిషీ నాకు ఈ మాట చెప్పకుండా వదలడు. ఆడవాళ్ళకు ఉచితమని ఇచ్చిన సున్నా టికెట్టును అలివేలమ్మక్క అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, చిన్న గుడ్డసంచిలో పెట్టుకుని తాడు బిగించింది.

ఆమె వైపు చూస్తే కోపమూ వస్తుంది, ముద్దూ వస్తుంది. మెంతిరంగు పట్టు అంచు చీర, అదీ ఇస్త్రీ చేసింది, కరెంటు లేని ఇంట్లో ఇస్త్రీ ఎలా చేసిందో అడిగితే చెంబులో నిప్పులు పోసి అంది. తల్లో కనకాంబరాలు, మెడలో పసుపుతాడు కొత్తది, కాళ్ళకు పసుపు. ఇల్లు లేదని మొరపెట్టుకోవడానికి పోతున్న మనిషి ఇలా ఉంటే ఎలాగక్కా అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను, ఎందుకంటే ఈ తప్పు ఈమెది కాదు, ఒకరిది కాదు, పదకొండు ఇళ్ళది. ఆషాఢంలో సర్వేకు మనిషి వస్తున్నాడని తెలిసిన రోజు ఆ గుంతలో ఎవరూ పనికి పోలేదట. ఆడవాళ్ళంతా గట్టు తవ్వి ఎర్రమట్టి తెచ్చారు, పిసికారు, జల్లించారు, గోడలకు రెండు పూతలు పూశారు, మీద సున్నం చుక్కలు పెట్టారు, వాకిట పేడకళ్ళాపి, ముగ్గు, గడపకు మామిడాకులు. పక్క పల్లె నుంచి ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చారు. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు పదకొండు ఇళ్ళను ముస్తాబు చేసి వరసగా నిలబెట్టారు. ఆ మనిషి వచ్చాడు, ఫోన్లో ఒక్కో ఇల్లూ తీసుకున్నాడు, చిక్కని పాల టీ తాగాడు, పోతూ పోతూ, "ఇండ్లు బాగుండాయే మా" అన్నాడు. వారం రోజులు ఆ మాటే చెప్పుకున్నారు. బాగుండాయన్నాడు, మన ఇండ్లు బాగుండాయన్నాడు. నెల తర్వాత జాబితా వచ్చింది, పదకొండు పేర్ల పక్కనా ఒకే మాట, నివాసయోగ్యం.

ఎవరు పూయమన్నారక్కా మిమ్మల్ని అని అరిచాను ఆ రోజు, నాకేం అధికారమో అరవడానికి. అలివేలమ్మక్క నన్ను విచిత్రంగా చూసింది, అన్నం తినేముందు చెయ్యెందుకు కడుక్కున్నావని అడిగితే చూసినట్టు. "ఇంటికి మనిషొస్తాంటే పూయకుండా ఎట్లుంటాం పాపా? గొడ్లా మనం?" ఫోటోల మీద పుస్తకాలు చదివాను, హైదరాబాదులో రెండేళ్ళు నేర్చుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చూపించాలని నేర్పారు, మరి ఉన్నదాంట్లో ఈ పూత కూడా ఉంది కదా, చేతికొచ్చే ఒక రోజు కూలి పోగొట్టుకుని మట్టి పిసికిన ఈ పట్టుదల ఉంది కదా, దాన్ని తీసేసి చూపిస్తే అది ఉన్నదేనా? బస్సు గేరు మార్చింది, మంచు ఇంకా విడవలేదు, రోడ్డు పక్కన కుప్పలు కుప్పలుగా టమోటాలు, కోత కూలి కూడా రాదని రైతులు అలాగే పారబోసి పోయారు, ఆవులు కూడా వాసన చూసి వదిలేస్తున్నాయి. అలివేలమ్మక్క చూసి నిట్టూర్చింది. బట్టీ ఆగాక వాళ్ళకు మిగిలిన పని ఈ టమోటా కోతే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఈమె ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ కట్టి చూసింది, తనది తప్ప. పద్దెనిమిదేళ్ళు ఆ బట్టీలోనే, అచ్చులో మట్టి కొట్టి, బోర్లించి, వరస పేర్చి, ఎండాక తిప్పి, రోజుకు ఎన్ని వందలో. పలమనేరులో సగం గోడల్లో ఆమె చెయ్యి ఉంది, మా ఇంటి వెనక గోడలో కూడా. వాళ్ళుండే ఇళ్ళు మాత్రం పచ్చి ఇటుకలవి. కాలిన ఇటుక అమ్మకానికి, పచ్చి ఇటుక కాపురానికి, అది ఆ బట్టీ రివాజు. ఆరబెట్టిన వరసల్లోంచి నాలుగు వేల ఇటుకలు తీసుకుని, బురదతో అతికి గోడ లేపి, చెరుకాకు కప్పుకుంటారు. వానలకు ముందు ఆఖరి ఆవం పేర్చే రోజున ఇల్లు విప్పేసి ఆ ఇటుకలు కూడా నిప్పుకు పెట్టేస్తారు. మళ్ళీ సీజనుకు మళ్ళీ కొత్త ఇల్లు. ఏటా తన ఇల్లు తానే విప్పి, కాల్చి, లారీకి ఎత్తి, ఇంకొకరి ఇంటికి పంపిన మనిషి. నాకీ సంగతి తెలిసిన రోజు అన్నం సయించలేదు, ఆమె మాత్రం, "అదేం పాపా, ఏడాదికొక కొత్తిల్లు, ఎవురికి దొరుకుతాది?" అని నవ్వింది. తర్వాత సిమెంటు దిమ్మెలు వచ్చాయి, కట్టే అపార్ట్‌మెంట్లు సగంలో ఆగాయి, రెండేళ్ళ కిందట బట్టీ చల్లారింది, యజమాని గేటుకు తాళం వేసి పోయాడు. ఆఖరి ఆవం పేర్చనే లేదు. అందుకే ఆ పదకొండు ఇళ్ళు విప్పకుండా మిగిలిపోయాయి, ఒక వేసవికి మాత్రమే కట్టిన పచ్చి గోడలు మూడో వానాకాలం చూస్తున్నాయి. పైగా ఉన్నది గుంతలో. ఇటుకల కోసం ఇరవై ఏళ్ళుగా తవ్విన గుంత, వాళ్ళ చేతులతో వాళ్ళే తవ్వినది.

అలాంటి ఇళ్ళు అంత అందంగా ఉంటాయని నేను అనుకోలేదు. జాబితా మీద అర్జీ పెట్టినాం, విచారణకు మళ్ళీ ఫోటోలు కావాలి, నువ్వే తీయాల పాపా, మీ నాయన లేడు గదా అని వాళ్ళు వచ్చి అడిగినప్పుడు, వాయుగుండం వాన కురిసి రెండు వారాలైంది. పోయి చూస్తే ఏముంది, మళ్ళీ పూసేశారు! మళ్ళీ ముగ్గు, మళ్ళీ మామిడాకులు, అలివేలమ్మక్క పక్కింటి ఆనందమ్మ అయితే గుమ్మానికి బంతిపూల దండ కూడా. తల పట్టుకున్నాను, తర్వాత నవ్వాను, తర్వాత కెమెరా తీశాను. తాడు కొలిచి ప్రతి ఇంటికీ ఇరవై అడుగుల దూరంలో, ఒకే ఎత్తులో, ఒకే రకంగా స్టాండు నిలబెట్టాను, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు ఫ్రేము నిండేలా. ఇంటివాళ్ళు గుమ్మం ముందు నిలబడాలి, ఎలా నిలబడాలో నేను చెప్పను. పదకొండు ఇళ్ళు తీసేసరికి మధ్యాహ్నమైంది. ఎన్ని చూశాను ఆ పూట! మూలల్లో ఇటుకను ఇటుకతో ఎలా కొరికించారో, మేస్త్రీలు కూడా అలా పేర్చలేరు. దీపపు గూడు చుట్టూ బొటనవేలితో అద్దిన చుక్కలు. లోపల ఏ వస్తువూ గోడకు తగిలించి ఉండదు, పచ్చి ఇటుకలో మేకు నిలవదు, పొడై రాలిపోతుంది, అందుకని అన్నీ పైదూలానికి తాళ్ళతో వేలాడుతుంటాయి, బియ్యం మూట, పుస్తకాల సంచి, దేవుడి పటం, అద్దం. అన్నిటికంటే నన్ను ఆపేసింది గోడల కింది భాగంలో ఎర్రటి ముదురు పట్టీ. నేల నుంచి మోకాలి పైదాకా, నూలు పెట్టి గీసినట్టు తిన్నగా, పదకొండు ఇళ్ళకూ. పండక్కి గోడ అడుగున జాజు పట్టీ తీస్తారు కదా, అది. ఇంత కష్టంలో, అందరూ మాట్లాడుకుని, ఒకే ఎత్తున పట్టీ తీశారు చూడు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను, కింద గీత కూడా పెట్టుకున్నాను. ఈ ఆడవాళ్ళ ముందు నేను నేర్చుకున్న చదువు ఎందుకూ కొరగాదనిపించింది.

అబ్బా ఉంటే ఏమనేవాడు? ఇంట్లో అబ్బా అని పిలిచేదాన్ని, బజారులో మా నాయన అని చెప్పేదాన్ని, రెండు పేర్లకూ ఒకే దగ్గు, ఒకే అత్తరు. ఆయన స్టూడియోలో ఒక పరదా ఉండేది, దాని మీద రంగుల్లో మేడ, ముందు మెట్లు, మెట్ల పక్కన రోజాల కుండీలు, పైన బాల్కనీ. సంత రోజున బట్టీవాళ్ళు, చెరుకు కొట్టేవాళ్ళు వచ్చి ఆ మేడ ముందు నిలబడేవాళ్ళు. అబ్బా వాళ్ళకు దువ్వెన ఇచ్చేవాడు, పౌడరు డబ్బా ఇచ్చేవాడు, మొగవాళ్ళకు ఒక కోటు, ఒక గడియారం, గడియారం నడవదు. నాకు పదహారేళ్ళప్పుడు అది పెద్ద మోసంగా కనిపించేది. వాళ్ళకు గుడిసె కూడా సరిగ్గా లేదు, నువ్వు మేడ ముందు నిలబెడతావేం అని పోట్లాడాను. ఆయన రెట్టిస్తే వాదించే రకం కాదు, లెన్సు తుడుస్తూ, "మనిషి ఎట్లుండాడో వానికి తెలుసు బేటీ. ఎట్లుండాలనుకుంటాడో అది మనం తీయాల" అన్నాడు. ఆ వారమే అలివేలమ్మక్క, గోవిందు పెళ్ళి బట్టల్లో వచ్చారు, నేనే తెల్ల గొడుగు పట్టుకుని వెలుతురు సరిచేశాను. ఆమె ఫోటోను చూడలేదు, వెనక మేడ మెట్లు ఎన్నని అడిగింది. ఫ్రేము కట్టిన ప్రతి ఫోటోతో అబ్బా ఒక మేకు ఇచ్చేవాడు, కాగితంలో చుట్టి, ఊరికే. ఫోటో ఇచ్చినవాడు దాన్ని తగిలించేదాకా బాధ్యుడట. మేకు దిగే గోడ ఉందా లేదా అని ఆయన అడిగేవాడు కాదు, అడిగితే ఆ మనిషి చిన్నబోతాడు. అలివేలమ్మక్క ఇంట్లో ఆ పెళ్ళి ఫోటో ఇప్పటికీ ఉంది, దూలానికి తాడు కట్టి, గాలి వచ్చినప్పుడు తిరుగుతూ. వాళ్ళిద్దరూ ఆ మేడ ముందు నిలబడే ఉన్నారు.

మొగిలి ఘాటు మొదలైంది, బస్సు మలుపులో వాలింది, అలివేలమ్మక్క చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఆ చెయ్యి. ఆ మధ్యాహ్నం పదకొండో ఇల్లు తీసి కెమెరా సంచిలో పెడుతుంటే వాన వచ్చింది, చినుకుతో మొదలు కాలేదు, ఒక్కసారిగా దబ్బున. పది నిమిషాల్లో గుంతలోకి నాలుగు పక్కల నుంచి నీళ్ళు. అందరూ లోపలికి, నేను ఆనందమ్మ చూరు కింద. ఎదురుగా అలివేలమ్మక్క ఇంటి పక్కగోడ కడుపు ఉబ్బినట్టు ఉబ్బింది. లోపల గోవిందు బియ్యం మూట తాడు విప్పుతున్నాడు, ఆమె బయటికి వచ్చి, చీర మోకాళ్ళ పైకి దోపి, వీపు తెచ్చి ఆ గోడకు ఆనించింది. జుట్టు ఊడి ముఖం మీద పడింది, రవిక భుజం దగ్గర చిరిగింది, కొత్తగా పూసిన ఎర్రమట్టి నీళ్ళై ఆమె మీదుగా కారుతోంది. పళ్ళు బిగించి అరుస్తోంది, "బియ్యం తీయప్పా, ముందు బియ్యం!" నేను తీశాను. పరిగెత్తి పోయి పట్టుకోవాల్సింది, తీశాను. ఒకటే తీశానని అందరికీ చెప్పాను, మూడు తీశాను, మూడోది బాగా వచ్చింది. ఆ తర్వాతే కెమెరా పడేసి పోయి ఆమె పక్కన వీపు పెట్టాను. మేం ఇద్దరం ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, గోవిందు బియ్యం తెచ్చాడు, పెట్టె తెచ్చాడు, పెళ్ళి ఫోటో తెచ్చాడు, అప్పుడు పక్కకు జరిగాం, గోడ మెల్లగా, తొందరేమీ లేనట్టు, కూర్చుంది. ఆమె మొట్టమొదట చేసిన పని జుట్టు ముడేసుకోవడం. రెండో పని నా వైపు తిరగడం.

"తీసినావా పాపా?"

"తీసినానక్కా."

"ఎవురికీ సూపీకు. ఆ కోలంలో నన్ను ఎవురూ సూడకూడదు. మీ నాయన మీద ఒట్టెయ్."

వేశాను. వాన నీళ్ళలో నిలబడి, చచ్చిపోయి ఎనిమిదేళ్ళైన మనిషి మీద ఒట్టేశాను. నాలుగు రోజుల్లో ఆ గోడనూ మళ్ళీ లేపి పూసేశారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, తీయకుండా ఉంటే ఒట్టు అవసరమే లేదు. కానీ తీశాను కాబట్టే చెబుతున్నాను, పదిహేనేళ్ళలో నేను అలాంటి ఫోటో తీయలేదు, ఇక తీస్తానో లేదో. గోడను మోస్తున్న మనిషి కాదు అందులో ఉన్నది, గోడకు గోడగా నిలబడ్డ మనిషి. తిరుపతిలో ఫోటోల హాలు నడిపే చక్రధర్‌కు కంప్యూటర్లో చూపించాను, అక్కడే ఒట్టు సగం తప్పాను. అతను కుర్చీలోంచి లేచాడు. "ఇది పెట్టు, మిగతా పదకొండూ వద్దే వద్దు. ఆ ముగ్గులు, ఆ పట్టీలు చూసి ఎవడు నమ్ముతాడు హుమేరా? ఇది చూస్తే రాయి కూడా సంతకం పెడుతుంది" అన్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగా ఇళ్ళు రావాలనే అన్నాడు, నా పేరు నిలబడాలని కూడా అన్నాడేమో. నాక్కూడా రెండూ కావాలి. అడుగున పెట్టాను. విచారణలో అధికారి తల అడ్డంగా ఊపితే అప్పుడు తీస్తాను, లేకపోతే తీయను, అని నాతో నేను బేరం ఆడుకున్నాను. పక్కన కూర్చుని చూసే ఈమె ముఖం ఎలా ఉంటుంది అప్పుడు? ఇల్లు వస్తుంది కదా అక్కా అంటాను. అప్పుడామె నా ముఖం చూస్తుందా? చీర ఇస్త్రీ చేసుకుని వచ్చింది ఆ గదిలోకి మనిషిలా పోవాలని. నేను ఆమె చీరను మోకాళ్ళ పైకి లాగి బల్ల మీద పెడతానా? ఘాటు దిగుతున్నాం, చలి తగ్గింది, చెవులు గుయ్యిమన్నాయి.

"ఏం పాపా, పలకవు?" అంది అలివేలమ్మక్క. "ఆ పోటోలు సూపీ, సూస్తా. ఆపీసరు సూసేముందు నేను సూడాల గదా."

పైనుంచి జాగ్రత్తగా ఒక్కొక్కటే తీసి ఇచ్చాను, ఫైలు అడుగును అరచేత్తో అదిమిపెట్టి. ఆమె తన ఇంటి ఫోటో పట్టుకుంది, ఎవరిదో ఇల్లు చూసినట్టు దూరంగా పెట్టి చూసింది, గోవిందు చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నాడని తిట్టింది, ముగ్గు బాగా వచ్చిందని మురిసింది. అంతలోనే ముఖం ముడుచుకుంది, వేలితో గోడ కింది భాగాన్ని తుడవబోయింది, ఫోటో మీద మరక పడితే తుడిచినట్టు.

"అయ్యో, ఇది కనపడతాండాదే!"

"ఏదక్కా? ఆ పట్టీనా? అదే గదా అందం. అందరూ ఒకే ఎత్తున ఎంత తిన్నగా తీసినారో."

"పట్టీనా?" అంది. నా వైపు తిరిగి చూసి, నేను ఎగతాళి చేయడం లేదని రూఢి చేసుకుంది. "పట్టీ యాడిది పాపా? అది నీళ్ళు నిలిచిన మరక. వాయుగుండానికి మూడు దినాలు నిలిచినాయి, ఆడిదాకా. పచ్చిటిక గదా, తాగేసింది, ఆరదు. మూడు మార్లు పూసినాం, పూసినప్పుడు పోతాది, తెల్లారేసరికి మళ్ళా పైకొస్తాది. అందరిండ్లల్లోనూ అంతే. ఆనందమ్మైతే ఏడ్సింది, ఇంత పూసినా మానం దక్కలేదే అని."

సిగ్గు ముందు వచ్చింది, చెంపల మీదికి వేడిగా. కళ్ళు పెట్టుకుని చూసేది నా పని, చూడటానికే చదువుకున్నాను, వాళ్ళు దాచలేక ఏడ్చినదాన్ని నేను అలంకారమనుకుని నోటుపుస్తకంలో కింద గీత పెట్టుకున్నాను. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ గుడ్డిదాన్నయ్యాను. చక్రధర్ కూడా చూడలేదు, మాకు అబ్బా పరదా మీద మేడ ఎలాగో ఈ పూత అలాగే అనిపించింది, వెనక ఏముందో చూడలేదు. ఆమె చేతిలోని ఫోటో పక్కన ఆనందమ్మ ఇంటి ఫోటో పెట్టాను, అంచుకు అంచు ఆనించి. ఒకే దూరం, ఒకే ఎత్తు. ఆ గోడ మీది ముదురు గీత ఈ గోడ మీదికి ఆగకుండా వచ్చేసింది. మూడోది పెట్టాను. గీత సాగింది. నాలుగోది ఆమె పట్టుకుంది, ఐదోది నా మోకాలి మీద, బస్సు కుదుపుకు కదిలితే మళ్ళీ సరిచేశాం. మనుషులు వేరు, ముగ్గులు వేరు, ఒకరి గుమ్మానికి బంతిపూలు, ఒకరి గుమ్మంలో మేకపిల్ల, వాటన్నిటి వెనక ఒక్కటే గీత, ఈ చివర నుంచి ఆ చివరకు, చెరువు అంచులా. ఏ ఫోటో విడిగా చూసినా పండగ. అన్నీ కలిపితే నీళ్ళు. పన్నెండో ఫోటో చేస్తుందని నేను నమ్మిన పని ఇవి పదకొండూ కలిసి చేస్తున్నాయి, ఒక్కరి జుట్టూ ఊడకుండా, ఒక్కరి చీరా జారకుండా.

బంగారుపాళ్యంలో ఎక్కినవాళ్ళకు టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు మా సీటు దగ్గర ఆగాడు. మా ఒళ్ళోకి వంగి చూశాడు.

"యాడమ్మా ఇది? ఇంత ఎత్తున నిలిచినాయా నీళ్ళు? ఇండ్లల్లో మనుషులుండారా?"

అలివేలమ్మక్క అతన్నీ, ఫోటోలనూ మార్చి మార్చి చూసింది. ఇవన్నీ ఇట్లా పక్కపక్కన పెట్టి సూపిస్తానక్కా, మీకు ఇష్టమేనా అని అడిగాను. "సూపీ," అంది. "మేం సెయ్యాల్సింది మేం సేసినాం. అది నీళ్ళు సేసిన పని, దానికి మాకేం సిగ్గు?" ఆ మాట విన్నాక ఇక నేను దాచలేకపోయాను. అక్కా, ఇంకోటి కూడా తెచ్చినా అన్నాను. ఫైలు అడుగునుంచి తీసి, తిప్పి, ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. ఘాటు దిగాక రోడ్డు తిన్నగా ఉంది, బస్సు వేగంగా పోతోంది, ఆమె చేతిలో ఫోటో కదలలేదు.

"ఒట్టేసి తెచ్చినావే," అంది చివరికి.

"తెచ్చినానక్కా. అధికారి ఒప్పుకోకుంటే సూపించాలనుకున్నా."

"మీ నాయనైతే తెచ్చుండడు."

తిట్టినా బాగుండేది. నిజం చెప్పింది, అంతే. తల వంచుకున్నాను. ఎనిమిదేళ్ళలో అబ్బా కోసం ఇంత ఏడుపు రాలేదు, ఇప్పుడు ఈ బస్సులో, పది మంది మధ్య వస్తోంది. ఆమె నా మోచేతి మీద చెయ్యి వేసింది, ఘాటులో వేసినట్టే, ఇప్పుడు మలుపులేవీ లేవు.

"నేనేనా ఇది?" అంది. "ఇంత బలముండాదా నాకు?"

"ఉండాదక్కా. అందుకే తీసినా."

"బాగా తీసినావు." ఫోటోను పైటకొంగుతో తుడిచింది, గుడ్డసంచి తాడు విప్పింది. సున్నా టికెట్టు, ఆధార్ కార్డు, వాటి కింద పసుపుపచ్చగా మారిన కాగితపు చుట్ట ఒకటి. కాగితాన్ని గుర్తుపట్టాను. మా స్టూడియో బిల్లు పుస్తకం కాగితం, మూలన అబ్బా రాత. ఆమె దాన్ని విప్పకుండానే వేళ్ళ మధ్య తిప్పింది, లోపలిది పొడుగ్గా, గట్టిగా తెలిసింది. పద్దెనిమిదేళ్ళు, పద్దెనిమిది ఇళ్ళు మారింది, దీన్ని ఎక్కడా పారేసుకోలేదు.

"ఇది నా కాడుండనీ పాపా," అంది పన్నెండో ఫోటోను మడత పడకుండా సంచిలో ఏటవాలుగా దూరుస్తూ. "ఇల్లొచ్చినాక తగిలించుకుంటా. అప్పుడు ఎవురన్నా సూడనీ, నేనే పిలిసి సూపిస్తా. మేకుండాది. గోడే రావాల."

బస్సు చిత్తూరు స్టాండులోకి తిరిగింది. నేను పదకొండు ఫోటోలనూ గీత కలిసే వరసలో సర్దుకుని లేచాను, ఆమె అప్పటికే కొంగు సరిచేసుకుని నా కంటే ముందు దిగుతోంది.